ప్లే లేని అడుగు

ఆటోనగర్‌లో లేత్ మీద చాలాకాలంగా పనిచేస్తున్న మనిషి చక్రం తిప్పే తీరు ఎప్పుడైనా గమనించారా? కొలత దాటిపోయిందనుకోండి, ఆయన నేరుగా వెనక్కి తిప్పి గీత మీద ఆపడు. గీత దాటించి బాగా వెనక్కి తీసుకెళ్తాడు. అక్కణ్ణుంచి మళ్ళీ ముందుకు తెచ్చి, అప్పుడు ఆపుతాడు. మరకూ నట్టుకూ మధ్య సన్నని సందు ఉంటుంది. తిప్పే దిక్కు మారిన ప్రతిసారీ ఆ సందు నిండేదాకా చక్రం ఉత్తినే తిరుగుతుంది, పనిముట్టు కదలదు. దాన్నే మెకానిక్కులు 'ప్లే' అంటారు. పాత లారీ స్టీరింగ్ పట్టుకున్న ప్రతి డ్రైవరుకూ అది తెలుసు. చక్రం అరచేతి వెడల్పు తిరిగాక గాని బండి మాట వినదు.

మర అనేది మనిషి చేసిన గొప్ప సాధనాల్లో ఒకటి. మామూలు మైక్రోమీటర్ తీసుకోండి. ఒక చుట్టు తిప్పితే దాని మర అర మిల్లీమీటరు జరుగుతుంది. ఆ చుట్టును 50 గీతలుగా విభజించారు కాబట్టి ఒక్కో గీత 10 మైక్రాన్లు. తల వెంట్రుక మందం దాదాపు 80 మైక్రాన్లు. అంటే వెంట్రుకలో ఎనిమిదో వంతును వేళ్ళతో తిప్పి కొలవచ్చు. చేయి తిరిగినవాడు రెండు గీతల మధ్య కూడా అంచనా కట్టగలడు.

అయితే ఆ ఒక్క గీతలో పదివేలవ వంతు కదలాలంటే? అది ఒక నానోమీటరు. ఎంత దూరమో ఊహకు అందడం కష్టమే గానీ, దాని కొలబద్ద మన చేతి చివరే ఉంది. మన గోరు నెలకు ఇంచుమించు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. లెక్క కడితే సెకనుకు ఒక నానోమీటరు, కొంచెం ఎక్కువ. గోడ గడియారంలో సెకన్ల ముల్లు ఒకసారి కదిలేలోపు గోరు ఎంత జరిగిందో, సరిగ్గా అంత జరిపి ఆపగల యంత్రం కావాలి. వెనక్కి రమ్మంటే అంతే వెనక్కి రావాలి.

ఇక్కడ మరలూ గేర్లూ బేరింగులూ చేతులెత్తేస్తాయి. లోహం మీద లోహం జారేటప్పుడు ముందు అంటుకుంటుంది, తర్వాత ఒక్కసారిగా వదిలి దూకుతుంది. ఆ దూకుడే వందల నానోమీటర్లు ఉండవచ్చు. పైగా వేడి ఒకటి. ఒక సెంటీమీటరు పొడవున్న ఉక్కు ముక్క ఒక్క డిగ్రీ వేడెక్కితే 120 నానోమీటర్లు సాగుతుంది. దగ్గర నిలబడ్డ మనిషి ఒంటి వెచ్చదనం చాలు, లెక్క తప్పడానికి. ఇంకా చిన్న మర, ఇంకా నున్నని బేరింగు చేసుకుంటూ పోతే ఈ గోడ దాటలేం. దాటిన దారి వేరు. జారే భాగమే లేకుండా చేశారు. నెట్టే వస్తువు తానే సాగుతుంది, తానే ముడుచుకుంటుంది. ఘన పదార్థం, ఒకటే ముక్క, మధ్యలో సందు లేదు. సందు లేనిచోట ప్లే ఉండదు.

ఆ ముక్క మన వంటింట్లోనే ఉంది. స్టవ్ పక్కన వేలాడే గ్యాస్ లైటర్‌ను నొక్కితే 'టక్'మని చప్పుడు వస్తుంది. అది లోపల స్ప్రింగుతో బిగిసిన చిన్న సుత్తి వెళ్ళి కొట్టిన చప్పుడు. ఆ దెబ్బ తినేది పింగాణీ లాంటి ఒక చిన్న స్తంభం. దెబ్బకు అందులో వేల వోల్టుల విద్యుత్తు పుట్టి, లైటరు మూతి దగ్గర నిప్పురవ్వై దూకుతుంది. బ్యాటరీ లేదు. ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. నొక్కితే విద్యుత్తు ఇచ్చే ఈ గుణాన్ని పీజో విద్యుత్తు అంటారు. గ్రీకు భాషలో నొక్కడం అనే మాట నుంచి వచ్చిన పేరు అది.

1880లో పారిస్‌లో దీన్ని కనిపెట్టినవాళ్ళు ఇద్దరు అన్నదమ్ములు, జాక్ క్యూరీ, పియేర్ క్యూరీ. పెద్దవాడికి 24 ఏళ్ళు, చిన్నవాడికి 21. క్వార్ట్జ్, టూర్మలీన్, పుష్యరాగం, రోషెల్ ఉప్పు, చెరకు పంచదార స్ఫటికాలను ఒక్కొక్కటిగా నొక్కి, వాటి ముఖాల మీద విద్యుదావేశం పుట్టడం చూశారు. చెరకు పంచదార స్ఫటికం అంటే మన పటికబెల్లమే. ప్రసాదంలో వచ్చిన పలుకును పళ్ళ మధ్య పటుక్కుమనిపించినప్పుడల్లా అందులోనూ ఇదే జరుగుతోందని తెలిసినప్పటి నుంచి నాకు ఆ పలుకు మీద గౌరవం పెరిగింది.

క్యూరీ సోదరులు చూసింది సగం కథ. నొక్కితే విద్యుత్తు వస్తోంది సరే, మరి విద్యుత్తు ఇస్తే? వాళ్ళకు తట్టని ఈ ప్రశ్నకు మరుసటి ఏడాది, 1881లో, భౌతిక శాస్త్రవేత్త గాబ్రియేల్ లిప్‌మన్ కాగితం మీద జవాబు చెప్పాడు. ఉష్ణగతిశాస్త్ర సూత్రాల ప్రకారం ఇది ఒకవైపు దారి కావడానికి వీల్లేదు, వోల్టేజీ ఇస్తే ఆ స్ఫటికం ఆకారం మారి తీరాలి అన్నాడు. అన్నదమ్ములు అదే ఏడాది ప్రయోగం చేసి అవునన్నారు. గ్యాస్ లైటర్‌ను వెనక్కి నడిపినట్టన్నమాట. ఈ వ్యాసమంతా ఆ వెనక నడక గురించే.

అన్ని స్ఫటికాలకూ ఈ గుణం ఎందుకు లేదు? మనం రోజూ తినే ఉప్పు కూడా స్ఫటికమే. దాన్ని ఎంత నొక్కినా ఏమీ పుట్టదు. రహస్యం లోపలి అమరికలో ఉంది. ఉప్పులో ప్రతి ధనావేశం చుట్టూ రుణావేశాలు ఎదురెదురుగా జతలు జతలుగా కూర్చుని ఉంటాయి. నొక్కితే రెండువైపులా ఒకేలా జరుగుతాయి, తేడా పుట్టదు. క్వార్ట్జ్ అలా కాదు. ముగ్గులో ఆరు చుక్కలు గుండ్రంగా పెట్టి, ఒకటి విడిచి ఒకటి ధనం, రుణం అనుకోండి. మామూలుగా ధన చుక్కల నడిమి బిందువూ రుణ చుక్కల నడిమి బిందువూ ఒకటే. ఇప్పుడు ఆ ముగ్గును పైనుంచి అణచండి. ఒక నడిమి బిందువు పైకి, ఇంకొకటి కిందికి తప్పుకుంటాయి. ఆ తప్పుకోవడమే విద్యుత్తు. తిరగేసి, బయటి నుంచి వోల్టేజీతో ధన చుక్కలను ఒకవైపు, రుణ చుక్కలను రెండోవైపు లాగితే ముగ్గు ఆకారం మారుతుంది. అదే కదలిక.

స్ఫటికాల అమరికలు మొత్తం 32 తరగతులు. అందులో 20 తరగతులకే ఈ గుణం ఉండగలదు. ఏ తరగతి స్ఫటికానికి ఎన్ని వేరు వేరు పీజో స్థిరాంకాలు ఉంటాయో చెప్పడం గణితం పని. క్వార్ట్జ్‌కు రెండు. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం ఈ పనిలో లోతుగా దిగిన శాస్త్రవేత్త. సి.వి. రామన్ శిష్యుడు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉండగా, గణితంలో గ్రూపు సిద్ధాంతం అనే శాఖను స్ఫటికాల భౌతిక గుణాలకు అన్వయించారు. టి. వెంకటరాయుడుతో కలిసి ఆయన దాని మీద రాసిన పుస్తకాన్ని 1948లో ఆ విశ్వవిద్యాలయమే అచ్చువేసింది. తర్వాత 1966లో స్ఫటికాల సౌష్ఠవం, భౌతిక గుణాల మీద ఇంకో పుస్తకం వచ్చింది. స్ఫటికాన్ని చేత్తో ముట్టుకోకుండా, దాని సౌష్ఠవాన్ని బట్టి అది ఎలా సాగగలదో, ఎలా సాగలేదో ముందే చెప్పేసే లెక్క అది. భగవంతం పేరు పరిపాలకుడిగా తెలిసినంతగా ఈ పనితో మన పిల్లలకు తెలియకపోవడం నాకు లోటుగా తోస్తుంది.

క్వార్ట్జ్ నమ్మకస్తురాలే కాని బలహీనురాలు. ఒక వోల్టు ఇస్తే 2.3 పికోమీటర్లు సాగుతుంది. పికోమీటరు అంటే నానోమీటరులో వెయ్యో వంతు. ఒక పరమాణువు అడ్డంగా వంద నుంచి కొన్ని వందల పికోమీటర్లు ఉంటుంది కనుక, ఇది పరమాణువులో నూరో వంతు కదలిక. గడియారానికి అది చాలు. పనిముట్టును నెట్టడానికి చాలదు. 1950లలో సీసం, జిర్కోనియం, టైటానియం ఆక్సైడ్లు కలిపి కాల్చిన ఒక సిరామిక్ దొరికింది. పొట్టిగా పి.జెడ్.టి. అంటారు. జిర్కోనియం, టైటానియం పాళ్ళు ఇంచుమించు 52కు 48 దగ్గర ఉంచితే దీని స్పందన ఒక్కసారిగా పెరుగుతుంది. వోల్టుకు వందల పికోమీటర్లు, అంటే క్వార్ట్జ్ కంటే వంద, రెండు వందల రెట్లు. కాల్చగానే మాత్రం ఇది పనిచేయదు. లోపలి చిన్న చిన్న ప్రాంతాలు తలో దిక్కు చూస్తూ ఉంటాయి. వేడిచేసి, గట్టి వోల్టేజీ పెట్టి, వాటన్నిటినీ ఒక దిక్కుకు తిప్పాలి. తిప్పాక అలాగే ఉండిపోతాయి, మళ్ళీ మరీ వేడి చేస్తే తప్ప. అలా చెదిరిపోయే ఉష్ణోగ్రతకు పెట్టిన పేరు కూడా పియేర్ క్యూరీదే.

ఈ సిరామిక్‌తో చేసిన పీజో కడ్డీ చేతిలోకి తీసుకుంటే ఎలా ఉంటుందో చెబుతాను. అగ్గిపుల్లను మూడు ముక్కలు చేసి, ఒక ముక్కను లావు చేసినట్టు ఉంటుంది. పొడవు ఒక సెంటీమీటరు. పైన పూత, పక్క నుంచి రెండు సన్నని తీగలు. వెలుతురులో పెట్టి చూస్తే పక్కవైపు వెంట్రుక కంటే సన్నని అడ్డగీతలు కనిపిస్తాయి. అది ఒకటే ముక్కలా ఉన్నా, ఒక్కొక్కటి 50 మైక్రాన్ల మందమున్న 200 పొరలు. పూతరేకుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి, ప్రతి రెండు పొరల మధ్యా లోహపు పూత పూసి, అన్నిటినీ కలిపి కొలిమిలో కాల్చారు. ఎందుకింత శ్రమ? పొర పల్చనైనకొద్దీ అదే వోల్టేజీ దాని మీద మరింత గట్టిగా పనిచేస్తుంది. సెంటీమీటరు పొడవున్న ఒకే దిమ్మను ఇదే మేర సాగదీయాలంటే 20,000 వోల్టులు కావాలి. 200 పొరలుగా చేస్తే 100 వోల్టులు చాలు.

ఆ వంద వోల్టులకు ఈ కడ్డీ పది మైక్రాన్లు సాగుతుంది. అంటే తన పొడవులో వెయ్యో వంతు, అంతే. కంటికి ఏమీ కనిపించదు. కానీ లెక్క ఇక్కడే అందంగా మారుతుంది. వంద వోల్టులకు 10 మైక్రాన్లయితే, ఒక వోల్టుకు వంద నానోమీటర్లు. ఒక మిల్లీవోల్టుకు నానోమీటరులో పదో వంతు, అంటే ఒక చిన్న పరమాణువంత. మిల్లీవోల్టును నిలకడగా ఇవ్వడం ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్ళకు పెద్ద పని కాదు. దూరాన్ని చెక్కే కష్టమంతా వోల్టేజీని చెక్కే కష్టంగా మారిపోయింది. నా దృష్టిలో ఈ సాధనంలోని అసలు కిటుకు ఇదే. ఒక నిలకడ దగ్గర ఆపి ఉంచడానికి విద్యుత్తు దాదాపు ఖర్చే కాదు, అది కెపాసిటర్ లాంటిది, నింపి వదిలేస్తే చాలు. బలానికీ లోటు లేదు. అడుగుభాగం ఒక చదరపు సెంటీమీటరు ఉన్న కడ్డీని రెండువైపులా కదలకుండా బిగించి వోల్టేజీ ఇస్తే మూడు క్వింటాళ్ళ బరువు ఆనించినంత గట్టిగా నెడుతుంది.

ఈ గుణాన్ని లోకం కళ్ళముందు నిలబెట్టిన పని 1981లో స్విట్జర్లాండ్‌లో జరిగింది. జ్యూరిక్ సరస్సు పక్కన రూష్‌లికాన్ అనే ఊళ్ళో ఐబీఎం ప్రయోగశాల ఉంది. అక్కడ గెర్డ్ బిన్నిగ్, హైన్రిష్ రోరర్ ఒక ఉపరితలాన్ని పరమాణువు పరమాణువుగా తడిమి చూడాలనుకున్నారు. పదునైన లోహపు సూదిని ఉపరితలానికి నానోమీటరు దూరంలో పెడితే, తగలకపోయినా మధ్యలో సన్నని విద్యుత్ ప్రవాహం దూకుతుంది. ఆ దూరం నానోమీటరులో పదో వంతు తగ్గితే ప్రవాహం పది రెట్లవుతుంది. ఇంత సున్నితమైన స్పర్శ ప్రకృతిలో మరొకటి దొరకడం కష్టం. చీకటి గదిలో గోడను వేళ్ళతో తడుముతూ నడిచే మనిషిలా, ప్రవాహం మారకుండా సూదిని పైకీ కిందికీ ఆడిస్తూ ఉపరితలం మీద నడిపించాలి. ఆ నడిపించే చేయి మూడు పీజో కడ్డీలు, ఒకటి ముందువెనకలకు, ఒకటి పక్కలకు, ఒకటి ఎత్తుకు. ఎత్తు కడ్డీకి ఏ క్షణాన ఎంత వోల్టేజీ ఇచ్చారో రాసుకుంటే చాలు, ఆ రాతే ఉపరితలం బొమ్మ.

వాళ్ళు రాత్రిళ్ళు పనిచేసేవారు. పగలు భవనంలో నడిచే మనుషుల అడుగులే ఆ సూదికి భూకంపాలు. దూరంతో పాటు ప్రవాహం రెట్టింపుల మీద రెట్టింపులుగా మారే గీత స్పష్టంగా పడింది 1981 మార్చిలో, ఒక రాత్రి, ఊపిరి బిగబట్టి కూర్చున్నప్పుడు. సిలికాన్ ఉపరితలం మీది పరమాణువుల అమరిక వివాదంగా ఉన్న రోజుల్లో, గీతల కాగితాలను కత్తిరించి, వరసగా నిలబెట్టి అతికించి, దాని నమూనా కొండలూ లోయలుగా చేతికందేలా తయారుచేశారు. 1983లో అది అచ్చయింది. 1986లో నోబెల్ వచ్చింది. 1989లో కాలిఫోర్నియాలోని ఐబీఎం ప్రయోగశాలలో డాన్ ఐగ్లర్ అలాంటి సూదితోనే, దాదాపు పరమశూన్య ఉష్ణోగ్రత దగ్గర, నికెల్ మీద 35 జెనాన్ పరమాణువులను ఒక్కొక్కటిగా జరిపి సంస్థ పేరులోని మూడు అక్షరాలు రాశాడు.

ఈ కథ చెప్పేవాళ్ళు సూది గురించే ఎక్కువగా చెబుతారు. నాకు మాత్రం ఇందులో ఎక్కువ ఇష్టమైనది 'పేను'. కడ్డీలు కదలగలిగేది అతి కొద్ది దూరమే. కంటికి కనిపించే దూరంలో ఉన్న, తడిమి చూడాల్సిన నమూనాను సూది దగ్గరికి, తగలకుండా, ఆ అతి కొద్ది దూరంలోకి ఎవరు తెస్తారు? మరతో తేవచ్చు, కానీ మర దూకితే సూది గుచ్చుకుని పాడవుతుంది. అందుకని వాళ్ళు నమూనాను ఒక నడిచే పీజో పలక మీద పెట్టారు. దానికి మూడు లోహపు పాదాలు. వోల్టేజీతో ఒక్కో పాదాన్ని కింది పలకకు అతుక్కునేలా చేయవచ్చు, వదిలేయవచ్చు. ఒక పాదం పట్టి, పలకను సాచి, రెండో పాదం పట్టి, మొదటిది వదిలి, పలకను ముడిచి, పదుల నానోమీటర్ల అడుగులతో అది పాకుతూ పోయేది. జర్మన్‌లో పేను అనే అర్థం వచ్చే మాటతోనే దాన్ని పిలిచేవారు.

ఈ నడక మనకు కొత్తది కాదు. తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుణ్ణి చూడండి. నడుముకు మోకు, కాళ్ళకు బందం. కాళ్ళు మానును కరిచి పట్టుకున్నప్పుడు మోకును పైకి జరుపుతాడు. మోకు మీద వెనక్కి వాలి బరువు ఆనించినప్పుడు కాళ్ళను పైకి లాక్కుంటాడు. ఏ క్షణంలోనూ రెండు పట్లూ ఒకేసారి వదలడు. ఒక్కో అడుగు జానెడే, చెట్టు మాత్రం ఎంత ఎత్తున్నా ఎక్కుతాడు. పేను కంటే ముందే, 1970లలో అమెరికాలో ఇదే సూత్రం మీద మూడు పీజో ముక్కలతో ఒక మోటారు వచ్చింది. రెండు పట్టుకునేవి, మధ్యలోది సాగేది. నడుము వంచి, సాచి, ఆకు మీద కొలతలు తీస్తున్నట్టు నడిచే పచ్చపురుగు పేరే దానికీ పెట్టారు. మైక్రాన్లు మాత్రమే సాగగల రాయి ఈ ఉపాయంతో సెంటీమీటర్లు నడుస్తుంది, ఎక్కడ కావాలంటే అక్కడ నానోమీటర్ల తేడాతో ఆగుతుంది.

ఇంకొక నడక ఉంది. అది మరీ తేలిక, దానికి పట్టుకునే పాదాలు కూడా అక్కర్లేదు. దాన్ని చదివినప్పుడు నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం నేమేది. చెరిగేటప్పటిలా గింజలు ఎగరవు, చేట అటూ ఇటూ ఆడుతూ ఉంటుందంతే. కానీ ఆ ఆడించడం రెండువైపులా ఒకలా ఉండదు. ఒక పక్కకు మెల్లగా తీసుకెళ్ళి, రెండో పక్కకు చిటుక్కున లాగేది. మెల్లగా వెళ్ళేటప్పుడు గింజలు చేటను అంటిపెట్టుకుని దాంతో పాటే వెళ్తాయి. విసురుగా లాగినప్పుడు ఆ వేగం అందుకోలేక ఉన్నచోటే ఉండిపోతాయి, చేట వాటి కింద నుంచి జారిపోతుంది. అలా పది సార్లు ఆడించేసరికి చేట ఉన్నచోటే ఉంటుంది, బియ్యం మాత్రం ఒక పక్కకు చేరతాయి. ఒక్క గింజను కూడా ఆవిడ చేత్తో నెట్టదు.

పీజో మోటారులో చేట బదులు కడ్డీ, గింజ బదులు జారే పలక. వోల్టేజీని మెల్లగా పెంచి ఒక్కసారిగా దించుతారు, కాగితం మీద గీస్తే అది రంపం పళ్ళలా ఉంటుంది. పెరిగేటప్పుడు పలక కడ్డీతో పాటు వెళ్తుంది. దించినప్పుడు కడ్డీ వెనక్కి దూకుతుంది, పలక జడత్వంతో అక్కడే ఉంటుంది. ఒక అడుగు పడింది. సెకనుకు వేల అడుగులు వేయించవచ్చు. వెనక్కి రావాలంటే రంపాన్ని తిరగేస్తే చాలు. కరెంటు పోయినా పలక జారిపోదు, రాపిడే పట్టి ఉంచుతుంది. రూష్‌లికాన్‌లోని అదే ప్రయోగశాలలో డీటర్ పోల్ 1987లో ఈ పద్ధతిని వివరించాడు. ఏ రాపిడి వల్ల మర ఓడిపోయిందో, ఆ రాపిడినే ఇక్కడ పనివాడిగా పెట్టుకున్నారు. ఆఖరి కొద్ది నానోమీటర్లు మాత్రం రాపిడికి వదలరు. పలకను దగ్గరికి చేర్చాక అడుగులు ఆపేసి, కడ్డీని మెల్లగా సాగదీసి సరిచేస్తారు.

ప్రయోగశాల దాటి ఈ రాయి ఎంత దూరం వచ్చిందో చూడాలంటే మన ఊరి కూడలికి వెళ్తే చాలు. అక్కడ కట్టిన ఫ్లెక్సీ పీజో పనే. ఫ్లెక్సీలు ముద్రించే పెద్ద యంత్రాల్లో రంగు ద్రావకంతో కలిసి ఉంటుంది. ఇంటి ప్రింటర్లలో కొన్ని సిరాను వేడిచేసి, బుడగ పుట్టించి, చుక్కను బయటికి తోస్తాయి. ఆ పద్ధతి నీటి సిరాకే సరిపోతుంది. ద్రావకపు రంగుల దగ్గర పీజో కావాలి. సన్నని గొట్టం గోడనే పీజోతో చేస్తారు. వోల్టేజీ తగలగానే గోడ లోపలికి వంగి రంగును పిండుతుంది, ఒక చుక్క ఎగిరి గుడ్డ మీద పడుతుంది. సెకనుకు వేల చుక్కలు, ఒక్కో చుక్క కొన్ని పదుల పికోలీటర్లు. పికోలీటరు అంటే లీటరులో లక్ష కోట్లవ వంతు. పెళ్ళికొడుకు ముఖం మీది ఆ నునుపు ఛాయ, ఇలా లెక్కపెట్టి పిండిన చుక్కల పని. కెమెరా లెన్సుల్లో, డీజిల్ ఇంజన్లలో ఇంధనం చిమ్మే సూదుల్లో, టెలిస్కోపుల్లో గాలి కలతను సరిచేసే అద్దాల వెనక కూడా ఇవే ఉన్నాయి. జీవశాస్త్రంలో ఒక్కటి చెబుతాను. ఎలుక అండం పొర చాలా సుకుమారం, సూదితో నేరుగా పొడిస్తే చితికిపోతుంది. సూదికి పీజోతో సన్నని కుదుపులు ఇస్తే పొర శుభ్రంగా తెరుచుకుంటుంది. 1990లలో హవాయిలో, పెరిగిన ఎలుక కణం నుంచి తొలి క్లోన్ ఎలుకను సృష్టించినవాళ్ళు వాడినది ఇలాంటి సూదినే.

ఇంత చెప్పాక దీని జబ్బులు కూడా చెప్పాలి. పి.జెడ్.టి. గాజు లాంటిది, నొక్కితే తట్టుకుంటుంది, లాగితే పగులుతుంది. అందుకే ఎప్పుడూ ఒక స్ప్రింగు బిగువు కింద ఉంచుతారు. తేమ తగిలితే పొరల మధ్య లోహం మెల్లగా పాకి అడ్డదారి పడుతుంది. గది వేడి మారినా లోపల విద్యుత్తు పుడుతుంది కనుక, వాడనప్పుడు రెండు తీగలనూ కలిపి ఉంచమంటారు. సీసం ఉండటం ఇంకో చిక్కు. సీసం లేని సిరామిక్కుల మీద, ముఖ్యంగా పొటాషియం, సోడియం, నియోబియం కలిసినవాటి మీద, పరిశోధనలు గట్టిగానే జరుగుతున్నాయి.

అసలు బాధ మాత్రం జ్ఞాపకం. యాభై వోల్టుల దగ్గర కడ్డీ ఎంత పొడవుందో అడిగితే, అది ముందు ఎక్కడి నుంచి వచ్చిందన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. సున్నా నుంచి ఎక్కి వస్తే ఒక పొడవు, వంద నుంచి దిగి వస్తే మరో పొడవు. తేడా మొత్తం కదలికలో పది, పదిహేను శాతం దాకా ఉంటుంది. వోల్టేజీతో ఒక దిక్కుకు తిరిగిన లోపలి ప్రాంతాలు వోల్టేజీ తగ్గగానే అన్నీ ఒకేసారి వెనక్కి తిరగవు. కొన్ని మొండికేస్తాయి. ఇంకా విచిత్రం, వోల్టేజీ మార్చి ఆపేశాక కూడా కడ్డీ పూర్తిగా ఆగదు. మొదటి సెకను నుంచి పదో సెకను దాకా ఎంత సాగిందో, పదో సెకను నుంచి నూరో సెకను దాకా అంతే సాగుతుంది. మడత మంచం మీద నుంచి లేచాక నవ్వారు మెల్లగా పైకి తేలినట్టు.

లేత్ దగ్గర మనిషి ప్లేకు చేసిన వైద్యాన్ని ఇక్కడా కొంతవరకు చేయవచ్చు, ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి రావడం. వోల్టేజీకి బదులు కడ్డీలోకి ఎంత ఆవేశం పోశామో కొలిచి పోస్తే వంకర చాలా తగ్గుతుంది. ఖచ్చితమైన వైద్యం అంటే కడ్డీ మాట నమ్మకుండా పక్కన ఒక సాక్షిని పెట్టడం. ఎదురెదురుగా రెండు చిన్న లోహపు పలకలు ఉంచితే, వాటి మధ్య దూరం మారినప్పుడు వాటి కెపాసిటెన్స్ మారుతుంది. దాన్ని నిమిష నిమిషం కాదు, సెకనుకు వేలసార్లు చదువుతూ, ఎంత తప్పిందో అంత వోల్టేజీ కలుపుతూ తీసేస్తూ ఉంటారు. అప్పుడు గోరు పెరిగే దూరం మీద యంత్రం నిలబడుతుంది.

బిన్నిగ్, రోరర్ చేసినలాంటి సూది సూక్ష్మదర్శినుల్లో ఇలాంటి సాక్షి లేనివి ఇప్పటికీ చాలా ఉన్నాయి. వాటి దగ్గర పనిచేసేవాళ్ళు ఒక సంగతి చూసి చూసి అలవాటు పడి ఉంటారు. సూదిని కొత్త చోటికి జరిపి బొమ్మ తీయడం మొదలుపెట్టగానే, తెర పైభాగంలో పరమాణువుల వరసలు విల్లులా వంగి కనిపిస్తాయి. పరమాణువులు వంగలేదు, పీజో ఇంకా సర్దుకుంటోంది. అప్పుడేమీ ముట్టుకోకూడదు. అదే చోట అదే బొమ్మను మళ్ళీ మళ్ళీ తీయనిచ్చి, తలుపు చప్పుడు కాకుండా వేసి, బయటికెళ్ళి టీ తాగి రావాలి. వచ్చేసరికి వంపు చాలావరకు పోయి ఉంటుంది. వరసలు నాటు వేసిన మడిలో నారులా తిన్నగా నిలబడి ఉంటాయి.